మాత్రల వైపా, మాటల వైపా

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళ ఇళ్ళకి భోజనానికి వెళ్ళినప్పుడల్లా నా చెప్పులు అడుగుకి పోతాయి. అందరికంటే ఆలస్యంగా వెళ్ళి, అందరి చెప్పుల మీదా పెట్టి లోపలికి నడిచినా, తిరిగొచ్చేసరికి అడుగునే ఉంటాయి. ఇది ఎలా జరుగుతుందో నేను కనుక్కోలేకపోయాను. నాలుగు బెడ్‌రూములు, రెండు కార్లు పట్టే గరాజు, వెనకాల చెక్కల డెక్కు, దాని మీద గ్యాస్ గ్రిల్లు, ఇన్ని ఉన్న ఇంట్లో వచ్చిన కుటుంబాలన్నిటి చెప్పులకీ కేటాయించిన స్థలం తలుపు వెనక కాళ్ళు తుడుచుకునే ఒక చిన్న పట్టా. దాని మీద లైట్లు వెలిగే పిల్లల బూట్లు, రాళ్ళు కుట్టిన చెప్పులు, పడవల్లాంటి మగవాళ్ళ బూట్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ పడి ఉంటాయి. లోపల హాల్లో కూర్చున్నవాళ్ళందరూ కోట్లమంది సమాచారాన్ని క్షణంలో వరసలో పెట్టే ఉద్యోగాలు చేస్తున్నారు. చెప్పులు మాత్రం ఎవరి పరిధిలోకీ రావు.

ఈ ఫిర్యాదు తీసుకునేవాళ్ళు ఎవరూ దొరకలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. కొంతకాలం పాటు నా ఔట్‌పేషెంట్ క్లినిక్ నడిచింది ఆ చెప్పుల దగ్గరే.

నేను వంగి నా జత వెతుక్కుంటూ ఉంటే పక్కన ఎవరో ఒకరు వంగేవారు. ఆయన బూట్లు ఎదురుగానే కనిపిస్తూ ఉండేవి. అయినా వెతికేవాడు.

"ఏమ్మా, నువ్వు సైకియాట్రీ చేస్తున్నావట కదా?"

"ఇంకా లేదండీ. ప్రయత్నంలో ఉన్నాను."

"మా ఫ్రెండ్ ఒకడున్నాడు. టెక్సస్‌లో. నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తాడట. గుండె దడ. కార్డియాలజిస్టుకి చూపిస్తే అంతా నార్మల్ అన్నాట్ట. ఏమై ఉంటుందంటావ్?"

ఈ ఫ్రెండ్లందరూ టెక్సస్‌లోనే ఉండేవారు. ఆ రాష్ట్రంలో మనవాళ్ళెవరూ నిద్రపోవడం లేదని నాకొక అభిప్రాయం ఏర్పడింది.

"ఆఫీసులో ఏమైనా జరిగిందేమోనండీ, మీ ఫ్రెండ్‌కి."

అప్పుడాయన చెప్పేవాడు. లేఆఫ్ భయం, ఇంటి లోను, వీసా, తన కింద పనిచేసినవాడు తన మీద మేనేజర్ కావడం. ఫ్రెండ్ గురించి అంత వివరంగా తెలిసిన మనిషిని నేను మెచ్చుకునేదాన్ని. ఇద్దరం వంగే ఉండేవాళ్ళం, ఎందుకంటే నిలబడితే ఒకరి మొహం ఒకరు చూడాలి.

"ఎవరితోనైనా మాట్లాడమనండి. అక్కడ సైకాలజిస్టులు ఉంటారు."

"మాట్లాడ్డానికేముందమ్మా. ఏదైనా టాబ్లెట్ పేరు చెప్పు, పంపిస్తాను."

అప్పటికి ఆయనకి బూట్లు దొరికేవి. నడుం నిటారు చేసుకుని, వచ్చినప్పటికంటే కొంచెం తేలిగ్గా కారు దాకా నడిచేవాడు. నేను చేసిందల్లా వినడం. ఆయన లెక్కలో అది వైద్యం కాదు.

నా సంగతి చెప్పాలి. ఇండియాలో ఎంబీబీఎస్ పూర్తి చేసి, పెళ్ళి చేసుకుని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా ఆయన వెంట క్యారీ వచ్చాను. ఇక్కడ డాక్టర్‌గా పనిచేయాలంటే మళ్ళీ పరీక్షలు రాయాలి, ఆ తర్వాత ఏదైనా ఆసుపత్రిలో నాలుగేళ్ళు రెసిడెన్సీ చేయాలి. పరీక్షలు రాశాను. రాస్తూనే ఒక యూనివర్సిటీ సైకాలజీ విభాగంలో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరాను. ఖాళీగా కూర్చోవడం ఎందుకని చేరాను తప్ప అక్కడ నాకు మనసు పడుతుందని అనుకోలేదు. పడింది. పని చేస్తూనే వాళ్ళ కోర్సులు కూడా చదివాను.

అలా ఒక చలికాలం వచ్చేసరికి నా ముందు రెండు తలుపులు తెరిచి ఉన్నాయి. ఒకటి సైకియాట్రీ రెసిడెన్సీ, ఇంటర్వ్యూలు అయిపోయాయి. రెండోది క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ, నేను పనిచేసే విభాగంలోనే సీటు ఇస్తామన్నారు. మొదటి తలుపులోంచి వెళ్ళేవాళ్ళు మందులు రాస్తారు. రెండో తలుపులోంచి వెళ్ళేవాళ్ళు మందులు రాయలేరు. మనిషి ఎదురుగా కూర్చుని, మాటలతో, ఒక పద్ధతి ప్రకారం, నెలల తరబడి పని చేస్తారు. ఇద్దరూ డాక్టర్లే. మనవాళ్ళ దృష్టిలో మాత్రం ఒకరే.

రెసిడెన్సీ పద్ధతి మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, సంబంధాలు చూడడం లాంటిది. ఆసుపత్రులు మనల్ని చూస్తాయి, మనం ఆసుపత్రులని చూస్తాం. తర్వాత ఎవరి ఇష్టాల వరస వాళ్ళు కంప్యూటర్‌కి ఇస్తే, అది ముడి పెడుతుంది. పెట్టాక కాదనడానికి లేదు. కాబట్టి ఆ వరస పంపే గడువులోగా నేను తేల్చుకోవాలి. పంపితే సైకియాట్రీకి కట్టుబడినట్టే. పంపకపోతే తిన్నగా పీహెచ్‌డీ. మిగతా జీవితమంతా ఏ కుర్చీలో కూర్చోవాలన్నది ఆ కొద్ది వారాల్లో నిర్ణయించుకోవాలి. నాకు టీలో చక్కెర వేసుకోవాలా వద్దా అన్నది తేల్చుకోడానికే అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

మా ఆయన మంచివాడు. ఏది చేసినా ఫర్వాలేదన్నాడు. బయట మాత్రం నన్ను "న్యూరో సైడ్" అని పరిచయం చేసేవాడు. పూర్తిగా అబద్ధమని అనలేం, మెదడు కూడా ఆ పరిసరాల్లోనే ఉంటుంది. ఒకసారి ఒకాయన తన నడుం ఎమ్మారై ఫోన్‌లో తెచ్చి చూపించాడు. ఇంటికొచ్చాక మా ఆయన్ని అడిగాను.

"సైకియాట్రీ అని చెప్తే ఏమవుతుంది?"

"ఏం కాదు. కొంచెం జరుగుతారు."

"ఎక్కడికి?"

"పక్కకి" అన్నాడు, లాప్‌టాప్ మూయకుండానే.

నాకు కోపం తక్కువని అందరూ అంటారు. వాళ్ళని తప్పు పట్టలేను. కోపమొస్తే నేను గిన్నెలు తోముతాను, చూసేవాళ్ళకి అది పనితనంలా కనిపిస్తుంది. ఆ చలికాలం మా ఇంట్లో గిన్నెలు ఎప్పుడూ లేనంత తళతళలాడాయి.

మా ఇంటికి నాలుగు వీధుల అవతల మా ఆయన అన్నయ్యా అని పిలిచే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. చుట్టం కాదు, క్యారీకి మాకంటే ముందు వచ్చినవాడు. మా ఆయనకి అన్నయ్య కాబట్టి నాకు బావగారు, ఆయన భార్య నాకు అక్క. ఏ బడి మంచిది, ఏ లాయరు పని చేస్తాడు, ఇంటి లోను వడ్డీ ఎప్పుడు తగ్గుతుంది, ఇవన్నీ బావగారికి తెలుసు. ఆయన్ని ఎవరూ సలహా అడగరు. అడిగే వ్యవధి ఇవ్వడు.

ఒక శనివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనాల దగ్గర నా భవిష్యత్తు చర్చకి వచ్చింది.

"ఎంబీబీఎస్ చేసి సైకాలజీ ఏంటమ్మా? పైలట్ ట్రైనింగ్ అయ్యి బస్సు కండక్టర్ అవుతానన్నట్టుంది" అన్నాడు బావగారు.

"జనంతో మాట్లాడేది కండక్టరే కదండీ" అన్నాను.

"జోకులొద్దు. సైకియాట్రిస్టంటే ఎం.డీ. ప్రిస్క్రిప్షన్ రాస్తాడు. పావుగంటకో పేషెంటు. సైకాలజిస్టు ఏం చేస్తాడు? గంటసేపు కూర్చుని అలాగా, అలాగా అంటాడు. దానికి ఆరేళ్ళు పీహెచ్‌డీయా? మా మేనత్త ఫోన్‌లో ఫ్రీగా చేస్తుంది."

"మీ మేనత్తతో మాట్లాడినవాళ్ళందరూ సైకియాట్రిస్టు దగ్గరికే పోవాలి" అంది అక్క, పెరుగు గిన్నె బల్ల మీద పెడుతూ.

అందరూ నవ్వారు. అక్క ఎప్పుడూ అలాగే, ఒక్క ముక్క విసిరి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఇంటి నుంచే ఏదో కంపెనీకి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది. మనుషుల్లో కూడా ఎక్కడ పగులుందో చూసి అక్కడే తడుతుంది. నేను ఆమెకి అభిమానిని.

"నవ్వండి నవ్వండి" అన్నాడు బావగారు. "రేపు పెళ్ళికార్డు మీద పేరు ముందు డాక్టర్ అని వేస్తే జనం ఏ డాక్టర్ అని అడుగుతారు. అప్పుడు చెప్పుకో, వినే డాక్టర్ని అని."

"పెళ్ళి అయిపోయిందండీ నాకు" అన్నాను.

"పిల్లల పెళ్ళికమ్మా" అన్నాడు. మాకింకా పిల్లలు లేరు.

ఆయన్ని కొట్టిపారేయడం తేలికే అయి ఉండేది, నాకే సైకియాట్రీ మీద ప్రేమ లేకపోతే. అదే చిక్కు. ఆ యేడాది నేను ఒక సైకియాట్రిస్టు క్లినిక్‌లో అబ్జర్వర్‌గా కూర్చునేదాన్ని. అంటే మూల కుర్చీలో కూర్చుని చూడడం, మాట్లాడకపోవడం. డాక్టర్ నిజంగా మంచివాడు. కానీ ఆయనకి ఒక్కొక్కరికీ ఇచ్చిన సమయం పావుగంట. అందులో సగం కంప్యూటర్‌కి పోతుంది. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, చచ్చిపోవాలని అనిపిస్తోందా, మూడూ ఒకే గొంతుతో అడిగేవాడు, హోటల్లో కారం ఎంత వేయమంటారని అడిగినట్టు. అది ఆయన తప్పు కాదు. బయట ఇంకో నలుగురు కూర్చుని ఉండేవారు.

ఒక రోజు మాస్టర్స్ చదువుతున్న తెలుగు కుర్రాడొకడు వచ్చాడు. జుట్టు దువ్వుకోలేదు. స్వెటర్ తిరగేసి వేసుకున్నాడు. నిద్ర లేదన్నాడు, ఆకలి లేదన్నాడు, మూడో ప్రశ్నకి కొంచెం ఆగి, అలా చేసుకునేంత కాదు గానీ పొద్దున లేవకపోతే బాగుండనిపిస్తుందన్నాడు. డాక్టర్ ఆ ఒక్క విషయం జాగ్రత్తగా, గుచ్చి గుచ్చి అడిగాడు. ప్రమాదం లేదని తేల్చుకున్నాక మందు రాశాడు. కుర్రాడు లేవబోతూ, "మా నాన్నకి ఇంకా తెలియదు, నేను పోయిన సెమిస్టర్ అసలు..." అని ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు. సమయం అయిపోయింది. అది థెరపిస్టుతో మాట్లాడాల్సిన విషయం అన్నాడు డాక్టర్, మర్యాదగానే. థెరపిస్టు ఎవరూ లేరని కుర్రాడు చెప్పాడు. ఫోన్ చేస్తే కొన్ని నెలలు ఆగమన్నారు. డాక్టర్ తల ఊపాడు. ఆయన చేయగలిగింది ఊపడమే.

సాయంత్రం నేను బయటికొచ్చేసరికి కింద లిఫ్ట్ దగ్గర ఆ కుర్రాడు ఫోన్‌లో పిలిచిన కారు కోసం ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"మీరు తెలుగా అక్కా?" అని అడిగాడు.

అవునన్నాను. అంతే, మొదలుపెట్టాడు. ఇంగ్లిష్‌లో మూడు ముక్కల్లో చెప్పినవాడు తెలుగులో ఆగలేదు. ఏ సబ్జెక్ట్ పోయిందో, రూమ్మేట్లకి ఏ అబద్ధం చెప్పాడో, రోజూ బ్యాక్‌ప్యాక్ తగిలించుకుని లైబ్రరీకని బయల్దేరి ఏ పార్కింగ్ లాట్‌లో కూర్చుంటున్నాడో. కారొచ్చి వెళ్ళిపోయింది, ఇంకోటి పిలిచాడు. నాకు సలహా ఇచ్చే అర్హత లేదు, అధికారమూ లేదు. విన్నదంతా డాక్టర్‌కి చెప్తానని మాత్రం చెప్పాను. చెప్పమన్నాడు. వెళ్తూ, "ఏం లేదక్కా, ఊరికే" అన్నాడు.

మర్నాడు డాక్టర్‌కి చెప్పాను. చాలా ఉపయోగపడుతుందని చెప్పి ఫైల్లో ఒక వాక్యం ఎక్కించాడు.

కొన్ని వారాలకి ఆ కుర్రాడు మళ్ళీ వచ్చాడు. దువ్వుకున్నాడు. బరువు పెరిగాడు. ఇప్పుడు పార్కింగ్ లాట్‌కి కాదు, క్లాసుకే వెళ్తున్నానన్నాడు. మందు పని చేసింది. మందులన్నీ మోసమని చెప్పి కోపం తెచ్చుకుంటే ఎంత సుఖంగా ఉండేదో. కానీ ఎదురుగా బతికి బట్టకట్టిన మనిషి కూర్చున్నాడు. ఆ మందు రాసే చెయ్యి నాదైతే బాగుండనిపించింది. లిఫ్ట్ దగ్గర విన్న చెవి నాది కావడం కూడా అంతే బాగుంది. రెండూ ఒకే మనిషికి ఇచ్చే చదువు ఎక్కడైనా ఉందా అని అడిగితే, ఉంది గానీ ఆ పని చేయనిచ్చే క్లినిక్ దొరకడం కష్టమని డాక్టర్ చెప్పాడు. ఆ రోజు ఇంటికొచ్చి, శుభ్రంగా ఉన్న కుక్కర్‌ని తోమాను.

గడువు దగ్గర పడిందనగా ఒక ఆదివారం ఉదయం బావగారు ఫోన్ చేశాడు.

"ఒకసారి ఇంటికి రామ్మా. స్టెతస్కోప్ ఉంటే తెచ్చుకో."

ఉత్తరాన ఉండే ఎడిసన్ నుంచి ఆయన తోడల్లుడు, అంటే అక్క చెల్లెలి భర్త, కుటుంబంతో వచ్చి ఉన్నాడు. వచ్చిన రెండో రోజు నుంచీ కళ్ళు తిరగడం, వికారం, చెమటలు. గోంగూర మటన్ వల్లే అని ఇంట్లో ఏకగ్రీవంగా తీర్మానించారు. అదే మటన్ తిన్న మిగతావాళ్ళందరూ నిక్షేపంగా ఉన్నారన్న సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

నాకు ఇక్కడ లైసెన్సు లేదని, అర్జెంట్ కేర్ క్లినిక్‌కి తీసుకెళ్ళమని చెప్పాను.

"నువ్వు చూసి చెప్పు. అప్పుడు వెళ్తాం" అన్నాడు బావగారు.

తోడల్లుడు సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు.

"ఏం తిన్నారండీ?"

"అందరు తిన్నదే తిన్న."

"మందులేమైనా వాడతారా?"

"నేను గోలీలేసుకోనమ్మా, నాకు పడవు. ఒక్క విటమిన్ డి. మా డబ్బా ఇంట్ల మర్చిపోయొచ్చినం. వదినది వంటింట్ల ఉంటే రోజు రెండేసుకుంటున్న. మాకు ఎడిసన్‌ల ఎండ ఎక్కడిది."

వంటింట్లోకి వెళ్ళాను. ఇంగువ డబ్బా పక్కన విటమిన్ డి సీసా ఉంది. సీసా మీద బొమ్మలో బంగారు రంగులో, నూనె నిండిన క్యాప్సూల్స్. లోపల మధ్యన గీత ఉన్న చిన్న నీలం మాత్రలు, ప్రతి దాని మీదా ఏవో అంకెలు. ఆ అంకెలు ఫోన్‌లో కొట్టి చూశాను. డిప్రెషన్‌కి ఇచ్చే మందు. మోతాదు తక్కువేమీ కాదు. అలవాటు లేని మనిషి రోజుకి రెండు.

పొరపాటున ఏదైనా మింగితే సలహా చెప్పే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. వాళ్ళు ఓపిగ్గా అన్నీ అడిగి, ఆపేయండి, నీళ్ళు బాగా తాగించండి, వణుకు గానీ జ్వరం గానీ వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, లేకపోతే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది అన్నారు. విటమిన్ సీసాలో ఆ మందు ఎలా వచ్చిందని కూడా అడిగారు. తెలియదన్నాను. అప్పటికి అది నిజమే.

బావగారు నన్ను గరాజులోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు.

"అక్కవి" అన్నాడు. "రెండేళ్ళయింది వాడబట్టి."

తలుపు సరిగా పడిందో లేదో మళ్ళీ చూసుకున్నాడు.

"ఇల్లన్నాక అందరూ వస్తుంటారు కదమ్మా. అసలు సీసా మీద పేషెంటు పేరుంటుంది, మందు పేరుంటుంది. మన జనం బాత్రూముకి వెళ్ళినా అలమర తీసి చూసొస్తారు. అందుకని దీంట్లో పోశాం. విటమిన్ డి లేని తెలుగు ఇల్లెక్కడుంది చెప్పు?"

"అందుకే ఆయన వేసుకున్నాడు" అన్నాను.

"అది వేరే సంగతి. ఇప్పుడు వాడికి గోంగూర అని చెప్పు."

"గోంగూరకి ఇలా అవదండీ. ఆయన ఏం మింగారో ఆయనకి తెలియాలి."

"పోనీ బీపీ టాబ్లెట్ అను. నాదని చెప్తాను. నాకేం నామోషీ లేదు."

రోగాల్లోనూ అంతస్తులుంటాయని నాకు తెలుసు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు నలుగురిలో కూర్చుని అంకెలు చెప్పుకుంటారు. స్టెంట్ వేయించుకున్న మనిషికి పార్టీల్లో మంచి కుర్చీ ఇస్తారు. ఆ వరసలో అక్క రోగానికి ఎక్కడా చోటు లేకపోబట్టి దాన్ని తీసుకెళ్ళి ఇంగువ పక్కన పెట్టారు. అంతవరకూ నాకు అర్థమైంది. బావగారు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"నీకు సైకియాట్రీ చెయ్యమని చెప్పింది ఇందుకేనమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి, ఎంతో ఆప్యాయంగా. "మాత్రయితే గుట్టుగా పోతుంది. పావుగంట, ఏడాదికి నాలుగుసార్లు, అయిపోయె. అదే సైకాలజిస్టు అనుకో, వారం వారం కారేసుకుని వెళ్ళాలి, వెయిటింగ్ రూములో కూర్చోవాలి. ఎవరో ఒకరు చూడకుండా ఉంటారా? అక్కని వెళ్ళమన్నారు వాళ్ళు. నేనే వద్దన్నాను."

ఇంతకాలం ఆయన నా చదువు గురించి, హోదా గురించి, సంపాదన గురించి మాట్లాడుతున్నాడనుకున్నాను. రెండు శాస్త్రాలు, రెండు వృత్తులు, నా నిద్ర లేని చలికాలం, వీటన్నిటినీ ఆయన ఒకే తక్కెడలో వేసి చూశాడు: ఏది సీసాలో దాచడానికి వీలుగా ఉంటుంది అని. మనసు బాగుచేసే రెండు దారుల్లో ఏది మేలని ఎవరూ అడగలేదు. ఏది కనపడదు అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకి జవాబు కోసమే నన్ను నాలుగేళ్ళు రెసిడెన్సీ చేయమంటున్నారు. పైగా ప్రేమతో. అక్కకి ఏది కావాలో అక్కని అడిగారో లేదో నాకు తెలియదు, ఆయన వాలకం చూస్తే అడిగినట్టు లేదు. గరాజులో తోమడానికి గిన్నెలు లేవు. గోడకి తగిలించిన మంచు పార కేసి చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు వంటింటి వైపు తలుపు తెరుచుకుంది. అక్క.

"ఇంతసేపు ఏం మాట్లాడుతున్నారు ఇద్దరూ? ఆ సీసా సంగతేనా?"

బావగారు ఏదో అనబోయాడు. అక్క వినలేదు. తిన్నగా హాల్లోకి వెళ్ళింది. మేం వెనకే వెళ్ళాం.

"మరిదిగారూ, మీరేసుకున్నవి విటమిన్లు కావు. నా డిప్రెషన్ మాత్రలు. రెండ్రోజుల్లో తగ్గిపోతుందట. నీళ్ళు తాగండి."

అక్క చెల్లెలు బల్ల మీది టిఫిన్ ప్లేట్లు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, అందులో రెండు ఇంకా తింటున్నవాళ్ళవి. సోఫాలోని మనిషి దుప్పటి పక్కకి నెట్టి లేచి కూర్చున్నాడు.

"నేను కూడా అదే అనుకుంటున్న వదినా" అన్నాడు. "నిన్న మా మేనేజర్ ఫోన్ చేస్తే నాకు అస్సలు కోపం రాలే."

అక్క నవ్వింది. బావగారు నవ్వలేదు. ఆ మాట వల్ల ఆ ఇంట్లో మిగతా రోజు గడిచిందని నా నమ్మకం.

ఆ వారంలోనే రెసిడెన్సీ వాళ్ళకి నేను తప్పుకుంటున్నానని రాసేశాను. సైకాలజీ విభాగానికి వస్తానని చెప్పాను. కోపంలో నిర్ణయాలు తీసుకోకూడదని సైకాలజీ పుస్తకాల్లోనే ఉంటుంది, ఆ అధ్యాయం నాకు బాగా వచ్చు. కానీ నా కోపంలో కొంత లెక్క కూడా ఉంది. ఈ చుట్టుపక్కల మందులు రాసేవాళ్ళు ఎలాగోలా దొరుకుతారు. తెలుగులో కూర్చుని, పద్ధతిగా, గడియారం చూడకుండా వినేవాళ్ళు నాకు తెలిసినంతలో ఎవరూ లేరు. లిఫ్ట్ దగ్గర కాకుండా, చెప్పుల దగ్గర కాకుండా, తలుపూ కుర్చీలూ ఉన్న గదిలో వినే మనిషి ఒకరుండాలి. దాచుకునేవాళ్ళు ఎంత దాచుకున్నా, ఆ గది ఉందని తెలిస్తే ఒక రోజు వస్తారు. ఎవరు వస్తారంటే నా కళ్ళ ముందు మొదట అక్కే కనిపించింది. ఇది పెద్ద కారణమో చిన్న కారణమో నాకు తెలియదు. నా డాక్టర్ కోటు మాత్రం దాని మీదే వదులుకున్నాను.

మా ఆయనకి చెప్తే లాప్‌టాప్ మూశాడు.

"ఇంక న్యూరో అనకూడదా?"

"అనకూడదు."

"సరే" అన్నాడు. తర్వాత గదిలో నడుస్తూ, "సైకాలజీ, మా ఆవిడ సైకాలజీ" అని రెండు మూడు సార్లు అనుకోవడం వినపడింది, కొత్త చెప్పుల్లో నడక అలవాటు చేసుకుంటున్నట్టు.

బయటివాళ్ళలో మొదట చెప్పాల్సింది అక్కకే అనిపించింది. ఒక వారపు రోజు మధ్యాహ్నం, బావగారు ఆఫీసులో ఉన్నప్పుడు వెళ్ళాను. అక్క మీటింగ్ మధ్యలో హెడ్‌సెట్ మెడలోకి లాక్కుని టీ పెట్టింది. వంటింటి గట్టు మీద మందు సీసా ఉంది, అసలుది, మీద తన పేరుతో. నేను దాని వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాను.

"చూడు, ఫర్వాలేదు" అంది. "ఆయన దాన్ని చూడలేక టీ కూడా హాల్లోనే తాగుతున్నాడు."

"థెరపీకి వెళ్ళమన్నారట కదక్కా, బావగారు వద్దన్నారట."

"ఆయన వద్దన్నాడని ఆయన అనుకుంటున్నాడు. నేను రెండుసార్లు వెళ్ళొచ్చా. గ్రోసరీకని చెప్పి వెళ్ళా." టీ వడపోస్తూ చెప్పింది. "మంచావిడే. తెల్లావిడ. మొదటి గంటంతా తోడికోడలంటే ఎవరో చెప్పడానికే పోయింది. మా ఆయన తమ్ముడి పెళ్ళాం, పక్కనే మోరిస్‌విల్‌లో ఉంటుంది, నాకు సగం దిగులు ఆవిడ వల్లే అని చెప్పా. రెండో గంటలో ఆవిడ ఏమందో తెలుసా? అయితే కొన్నాళ్ళు ఆమెతో మాట్లాడ్డం మానేయండి అంది. ఎలా మానేస్తానమ్మా, ఆదివారం వాళ్ళ గృహప్రవేశం, పులిహోర నేనే చేస్తున్నా అన్నా. రాసుకుంది. ఏం రాసుకుందో మరి. మూడోసారి వెళ్ళలేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, నవ్వు వల్లే అని అప్పటికి అనుకున్నాను. నేను వదులుకున్నదంతా ఎందుకు వదులుకున్నానో ఈమె నా నోట్లోంచి మాట లాక్కున్నట్టు చెప్పింది.

"అక్కా, నేను సైకాలజీ తీసుకున్నాను. రెసిడెన్సీ వద్దని రాసేశాను. మొదట నీకే చెప్తున్నా."

అక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"నిజంగా?"

"నిజంగా. నువ్వు చెప్పావే, ఆ మొదటి గంట. మనవాళ్ళెవరికీ ఆ గంట దండగ కాకూడదని. తెలుగులో చెప్పుకునే చోటు ఒకటుండాలి కదా. చదువయ్యాక ఇక్కడే పెడతాను క్లినిక్. నీలాంటివాళ్ళు గ్రోసరీ పేరు చెప్పకుండా రావడానికి."

ఆమె లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. మంచి పని చేశావంది. చాలా మంచి పని, ఎవరో ఒకరు చేయాల్సిందే అంది. హెడ్‌సెట్‌లోంచి ఎవరో ఆమెని పిలుస్తున్నారు. దాన్ని చెవికి పెట్టుకోబోయి, ఆగి, నా మొహంలోకి చూసి చెప్పింది.

"కానీ నువ్వు ఏ డాక్టర్‌వైనా సరే, నీ దగ్గరికి మాత్రం నేను రాను. పోయిన శనివారం మా తోడికోడలు మీ ఇంట్లోనే భోంచేసింది."